పాత ఆర్75/6: మొత్తం విప్పాలా, ముందు నడిపి చూడాలా?

బాక్సర్‌బండి
అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదువుకుంటూ పోవడమే, రాసింది లేదు. ఇప్పుడు అవసరం పడింది. 1975 నాటి బీఎండబ్ల్యూ ఆర్75/6 ఒకటి చేతికొచ్చింది. ఏళ్ల తరబడి షెడ్డులో కవరు కింద పడి ఉంది. నల్ల పెయింటు మసకబారింది గానీ ట్యాంకు మీది తెల్ల గీతలు చెక్కుచెదరలేదు. ఇంజన్ పట్టేయలేదు. గేరులో వేసి వెనక చక్రం తిప్పితే మెల్లగా తిరుగుతోంది. ట్యాంకు లోపల ఎర్రగా తుప్పు. ముందు బ్రేకు నొక్కితే లివరు హ్యాండిల్‌కి తగిలేస్తోంది.

నాకు షోలో నిలబెట్టే బండి అక్కర్లేదు. సామాను కట్టుకుని రోజుకు మూడు నాలుగు వందల కిలోమీటర్లు హాయిగా పోతే చాలు. ఒక స్నేహితుడు "సగం సగం పనెందుకు, నట్టు నట్టూ విప్పి ఫ్రేముకి పౌడర్ కోటింగ్ కొట్టించు" అంటాడు. ఇంకొకాయన "ముందు స్టార్ట్ చేసి చూడు, తర్వాత సంగతి తర్వాత" అంటాడు. ఎవరి మాట వినను?

సైడ్‌స్టాండ్
ఫోటోలు లేకుండా ఎవరేం చెప్పినా గాల్లో బాణమే. ఫోటోలు పెట్టండి. ఎగ్జాస్టు పైపు హెడ్‌లోకి దూరే చోట నట్టు ఉంటుంది చూడండి, దాన్ని దగ్గర నుంచి ఒకటి తీయండి.

లేత్‌మాస్టారు
స్నేహితుడి మాట వినకండి. మొత్తం విప్పిన బండ్లలో సగానికి సగం మళ్లీ బిగించే యోగానికి నోచుకోవు. డబ్బాల్లోకి వెళ్లి, ఏ బోల్టు ఎక్కడిదో మర్చిపోయి, చివరికి "ప్రాజెక్టు బండి, కొద్దిగా పని ఉంది" అని అమ్మకానికి వస్తాయి. మీ బండికి ఏ జబ్బుందో మీకే ఇంకా తెలీదు. తెలియకుండా కోత మొదలెడితే ఎలా?

నేనైతే ఇలా చేస్తాను. ప్లగ్గులు విప్పి బోరుల్లోకి కాస్త ఇంజన్ ఆయిల్ పోసి ఒక రాత్రి వదిలేస్తాను. పాత ఆయిల్ దించి అందులో ఏముందో చూస్తాను. ఇనప రజను ఉందా, నీళ్లు కలిసి పాలలా తెల్లబడిందా అని. కొత్త ఆయిల్, కొత్త ఫిల్టరు వేశాక, ప్లగ్గులు లేకుండానే, టాప్ గేరులో చక్రంతో తిప్పుతాను. ఎక్కడా బరువు తగలకపోతే అప్పుడు సెల్ఫ్. ఆయిల్ ప్రెషర్ లైటు ఆరిపోయేదాకా తిప్పి, ఆ తర్వాతే ప్లగ్గులు బిగించడం. రెండు సిలిండర్ల కంప్రెషన్ చూసేటప్పుడు అంకె ఎంత వచ్చిందన్నది కాదు, రెండింటికీ తేడా ఎంత అన్నదే అసలు సంగతి. ఏళ్లుగా నిలబడ్డ ఇంజన్లో రింగులు గాడుల్లో అతుక్కుని ఉంటాయి. మొదటి రోజు తక్కువ చూపించినా, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక వాటంతట అవే కోలుకోవడం మామూలే.

గుజ్జిపిచ్చి
మాస్టారూ, ఈ బండికి మీ మాట చెల్లుతుంది. కానీ "ముందు నడిపి చూడు" అన్నదాన్ని అన్ని పాత బండ్లకీ మంత్రంలా చెప్పకండి. చదివేవాళ్లలో వేరే బండ్లున్న వాళ్లూ ఉంటారు.

1967 నుంచి 1974 దాకా వచ్చిన లూప్ ఫ్రేము మోటో గుజ్జిలు తీసుకోండి, వీ7 నుంచి ఎల్డొరాడో వరకు. వాటి సిలిండర్ల లోపల క్రోమ్ పూత. వయసు మీద పడ్డాక అది పొలుసులుగా లేస్తుంది. ఆ ఇంజన్లకు పేపర్ ఫిల్టరు లేదు, జాలీ ఒక్కటే. లేచిన క్రోమ్ నేరుగా బేరింగుల్లోకి పోతుంది. బండి చక్కగా స్టార్ట్ అవుతుంది, శబ్దం ముద్దొస్తుంది, లోపల మాత్రం క్రాంకు అరిగిపోతూ ఉంటుంది. పైన పటారం, లోన లొటారం. అందుకే గుజ్జి వాళ్లు ముందు హెడ్లు ఎత్తి బోరు చూస్తారు. పూత లేచినట్టు కనిపిస్తే నికాసిల్ (నికెల్, సిలికాన్ కార్బైడ్ పూత) సిలిండర్లు వేశాకే కీ తిప్పుతారు.

నీళ్లింజన్
గుజ్జిపిచ్చి గారు చెప్పినదానికి నా వంతు. హోండా గోల్డ్‌వింగ్ జీఎల్1000, 1975లో మార్కెట్‌కి వచ్చిన మొదటి తరం. నాలుగు సిలిండర్లు, 999 సీసీ, రెండు టైమింగు బెల్టులు. అవి రబ్బరు బెల్టులు. కిలోమీటర్లు తిరగకపోయినా వయసుకే పాడవుతాయి. బెల్టు తెగితే పిస్టన్ వెళ్లి వాల్వును కొడుతుంది. పాత వింగు ఏది చేతికొచ్చినా సెల్ఫ్ నొక్కేముందు బెల్టులు మార్చాల్సిందే. ముందున్న ప్లాస్టిక్ మూతలు విప్పితే కనిపిస్తాయి, పెద్ద పని కూడా కాదు.

పెద్ద పని వేరే ఉంది, స్టేటరు, అంటే బండికి కరెంటు పుట్టించే తీగచుట్ట. అది ఇంజన్ వెనక్కి ఉంటుంది, మార్చాలంటే ఇంజన్ దించాలి. కాబట్టి ఏ కారణంగానైనా ఇంజన్ దించారా, బాగానే ఉన్నా స్టేటరు మార్చి పెట్టండి. మళ్లీ దించే ఓపిక ఎవరికీ ఉండదు.

పాతకాలం
బీఎండబ్ల్యూ ఆర్60/2, ఆర్69ఎస్ లాంటివి, అంటే 1969కి ముందువి, ఉన్నవాళ్లు కూడా వినండి. వాటికీ ఆయిల్ ఫిల్టరు లేదు. క్రాంకుకు స్లింగర్లని రేకు పళ్లేల లాంటివి ఉంటాయి. తిరిగే ఊపుకి మడ్డి వెళ్లి వాటిలో చేరుతుంది. అవి నిండాయంటే బిగ్ ఎండ్ బేరింగుకి (పిస్టన్ కడ్డీ క్రాంకుకి తగిలే చోటు) ఆయిల్ అందదు. నిండాయో లేదో బయట నుంచి తెలుసుకునే దారి లేదు, క్రాంకు బయటికి రావాల్సిందే. చరిత్ర తెలియని /2 బండి మీద దూరప్రయాణం పెట్టుకోవడం జూదం. మీ /6కి ఆ గొడవ లేదు. 1969లో వచ్చిన /5 నుంచే మామూలు ఫిల్టరు, టెలిస్కోపిక్ ఫోర్కు, 12 వోల్టులు వచ్చేశాయి. టూరింగుకి ఆ తరం బండి దొరకడం మీ అదృష్టం.

బాక్సర్‌బండి
ఇన్ని సమాధానాలు వస్తాయనుకోలేదు, అందరికీ థాంక్స్. ఫోటోలు పెట్టాను. ఎగ్జాస్టు నట్టు, దాని చుట్టూ ఉన్న హెడ్డు ఒకే ముద్దలా తెల్లగా పట్టేసి ఉన్నాయి. ప్రత్యేకమైన స్పానరు అరువు తెచ్చాను. పొడుగు పైపు తొడిగి బలంగా లాగమంటారా?

లేత్‌మాస్టారు
ఆగండి ఆగండి. స్పానరు కింద పెట్టండి.

ఆ నట్టు బిగిసేది హెడ్డులోంచి బయటికి పొడుచుకొచ్చిన అల్యూమినియం మరల మీద. నట్టూ అల్యూమినియమే. రెండూ వేడికి కాలి, తేమకి పూసి, అతుక్కుపోతాయి. పైపు తొడిగి లాగితే నట్టుతో పాటు హెడ్డు మరలు కూడా ఊడొస్తాయి. తర్వాత హెడ్డు దించి, వెల్డింగు పోయించి, లేత్ మీద మళ్లీ మరలు తీయించాలి. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఇదే.

నట్టుని బలి ఇవ్వండి. కొత్త నట్టు దొరుకుతుంది, హెడ్డు దొరకడం కష్టం. రెండు రెక్కల మధ్య సన్న బ్లేడుతో పైపుకి సమాంతరంగా, నిలువుగా కోయండి. మెల్లగా. నట్టు మందంలో చివరి పలచటి పొర మిగిలినప్పుడు ఆపండి. అక్కడ రంగు మారినట్టుగా సన్నటి మరల గీతలు తొంగి చూస్తాయి. ఇక బ్లేడు పెట్టొద్దు. కోతలో వెడల్పు ఉలి పెట్టి సుత్తితో చిన్నగా తడితే "టక్" మని విచ్చుకుంటుంది. తర్వాత చేత్తో వచ్చేస్తుంది. కొత్త నట్టుకి యాంటీ సీజ్ పేస్టు పూసి బిగించండి. ఏడాదికోసారి విప్పి మళ్లీ పూస్తూ ఉంటే జీవితాంతం ఈ బాధ ఉండదు.

సైడ్‌స్టాండ్
ఆ ఫోటో అందుకే అడిగింది.

కొత్తమెరుపు
పౌడర్ కోటింగు అంటే మీరంతా ఎందుకు చిరాకు పడతారో నాకు అర్థం కావట్లేదు. గట్టిగా ఉంటుంది, గీతలు పడవు, వానకి తుప్పు పట్టదు. టూరింగు బండికి ఇంకేం కావాలి? పాత పెయింటుని అంటిపెట్టుకుని కూర్చోవడం సెంటిమెంటే తప్ప ఇంజినీరింగు కాదు.

పాతకాలం
సెంటిమెంటు కొంత ఉంది, కాదనను. బెర్లిన్ ఫ్యాక్టరీలో ఆ గీతలు చేత్తో గీశారు. చెరిపేశాక ఎంత మంచి పెయింటరు గీసినా అవి ఆ గీతలు కావు. కానీ ఇంజినీరింగు లెక్కలూ ఉన్నాయి. పౌడర్ పూత మందంగా ఉంటుంది. స్టీరింగు బేరింగు కప్పులు కూర్చునే చోట, స్వింగ్ ఆర్మ్ పిన్నుల దగ్గర ముందే మూసి ఉంచకపోతే ఏదీ సరిగ్గా కూర్చోదు. ఫ్రేము నంబరు పూతలో కూరుకుపోతుంది. ఎక్కడైనా చిన్న పగులు వస్తే దాని కింద నీరు చేరి, పైకి తళతళలాడుతూనే లోపల తుప్పు పాకుతుంది. మామూలు పెయింటు అయితే బుడగ లేచి చెప్పేస్తుంది.

కరెంటుపని
ఇంకొకటి చేర్చనా? ఎర్తు. పౌడర్ కోటింగు చేయించిన బండ్లు నా దగ్గరికి "వైరింగు దెయ్యం పట్టింది" అంటూ వస్తాయి. ఇండికేటరు వేస్తే హారను మూలుగుతుంది. ఫ్రేముకి ఎర్తు తగిలే చోట్లన్నీ పూత కింద దాక్కుంటాయి మరి. ఆ చోట్ల గీకి లోహం బయట పెడితే దెయ్యం వదిలిపోతుంది.

కొత్తమెరుపు
సరే, మూసి ఉంచాల్సినవి మూసి, ఎర్తు చోట్లు గీకి చేయించుకోవచ్చుగా. పద్ధతిగా చేస్తే తప్పేముంది?

పాతకాలం
పద్ధతిగా చేస్తే తప్పు లేదు. చేసేవాడి పక్కన నిలబడి చూసుకోవాలి, అంతే. ఇసుకతో కొట్టించడం మాత్రం ఇంజన్ భాగాల జోలికి రానీయకండి. ఆ రేణువులు ఆయిల్ దారుల్లో ఇరుక్కుని ఎన్నిసార్లు కడిగినా వదలవు, మొదటి ప్రయాణంలోనే బేరింగులు తినేస్తాయి. అల్యూమినియం మెరవాలంటే నీటితో కలిపి కొట్టే వేపర్ బ్లాస్టింగు మేలు. దానికీ ముందు రంధ్రాలన్నీ మూసి ఉంచాలి, తర్వాత ప్రతి దారినీ కడిగి గాలి కొట్టి చూడాలి.

బాక్సర్‌బండి
నట్లు మాస్టారు చెప్పినట్టే కోసి తీశాను. రెండు వైపులా మరలు భేషుగ్గా ఉన్నాయి! ఫ్రేము జోలికి పోను, పెయింటు కడిగి పాలిష్ పెడతాను. ఇప్పుడు ట్యాంకు. లోపల ఎవరో ఎప్పుడో పోసిన తెల్ల పూత పెచ్చులుగా ఊడుతోంది, దాని కింద తుప్పు. మళ్లీ కొత్త పూత పోసెయ్యాలా?

నీళ్లింజన్
పాత పూత పూర్తిగా పోకుండా కొత్తది పోయొద్దు, రెండూ కలిసి ఊడతాయి. ఆ పెచ్చులు కార్బ్యురేటర్ జెట్టులో ఇరుక్కోవడం ఎలా ఉంటుందంటే, బండి కాసేపు బాగా పోయి, కాసేపు ఒక సిలిండరు మీద నడిచి, దింపి చూస్తే ఏమీ కనిపించదు. ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత పూతలకీ పాత రబ్బరు పైపులకీ శత్రువు. పైపులు ఉబ్బి మెత్తబడతాయి, అవి కూడా మార్చేయండి.

లేత్‌మాస్టారు
పాత పూత ఊడిపోయాక తుప్పుకి సిట్రిక్ యాసిడ్ నీళ్లు చాలు, ఒకటి రెండు రోజులు నింపి ఉంచండి. తర్వాత వంటసోడా నీళ్లతో కడిగి వెంటనే ఆరబెట్టాలి, లేకపోతే గంటలోనే కొత్త తుప్పు పొడలా పడుతుంది. కరెంటు పద్ధతిలో చేస్తే ట్యాంకు నెగటివ్‌కి, లోపల వేలాడే ఇనప కడ్డీ పాజిటివ్‌కి. కడ్డీ ట్యాంకుకి తగలకూడదు. స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ వాడొద్దు, విషపూరితమైన క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. పెట్రోలు ఆవిరి పూర్తిగా పోయేలా కడిగాకే ఇదంతా. చేసేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయటే చెయ్యండి. నీళ్లు బయటి పెయింటు మీదికి పొర్లకుండా చూసుకోండి, ఆ గీతలు కాపాడుకుంటానన్నారుగా.

కరెంటుపని
ట్యాంకు ఎలాగూ దించారు కాబట్టి దాని కిందికి ఒకసారి తొంగి చూడండి. /6లో ముందు బ్రేకు మాస్టర్ సిలిండరు హ్యాండిల్ మీద ఉండదు, ట్యాంకు కింద ఫ్రేముకి ఉంటుంది. లివరు ఒక కేబులును లాగితే, ఆ కేబులు దాన్ని నొక్కుతుంది. అది కారితే ఎవరికీ కనిపించదు. బ్రేకు ఆయిల్ కారి ఫ్రేము పెయింటు తినేసి ఉంటుంది. మీ లివరు హ్యాండిల్‌కి తగలడానికి కారణం అక్కడే దొరకొచ్చు. సీళ్లు, రబ్బరు పైపులు అన్నీ కొత్తవి వేయండి. పైపు లోపల ఉబ్బి ఉంటే బయటికి తెలీదు.

ఇంకో హెచ్చరిక. పాయింట్లు (ప్లగ్గుల్లో నిప్పురవ్వ పుట్టించే స్విచ్చు) చూడ్డానికి ఇంజన్ ముందు వైపు మూత విప్పుతారు కదా, ఆలెన్ బోల్టులు ముట్టుకునే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. తాళంచెవి తీసేసి ఉన్నా సరే. మూత వెనకే డయోడ్ బోర్డు (ఆల్టర్నేటరు కరెంటుని బ్యాటరీకి పనికొచ్చేలా మార్చేది) ఉంది, దానికి బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు ఉంటుంది. వస్తూ వస్తూ మూత దానికి తగిలిందా, ఒక్క మెరుపుతో బోర్డు పోతుంది.

రోడ్డుగాడు
పాయింట్లు పీకేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టేయమని ఎవరూ అనలేదే ఇంకా!

కరెంటుపని
అడిగావు కాబట్టి చెప్తాను. రెండూ బాగుంటాయి. ఎలక్ట్రానిక్ పెడితే సర్దుబాటు పని ఉండదు, స్టార్టింగు హాయి. కానీ అది పోతే ఒక్కసారిగా పోతుంది, రోడ్డు పక్కన చేసేదేమీ లేదు. పాయింట్లు అరుగుతూ, ముందే గొణుగుతూ పోతాయి. 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల గ్యాపు, ఒక ఫీలర్ గేజి, ఒక స్క్రూడ్రైవరు ఉంటే పని అయిపోతుంది. నేను దూరం వెళ్లేటప్పుడు ఎలక్ట్రానిక్‌ మీదే వెళ్తాను, పాత పాయింట్లు, కండెన్సరు మాత్రం సంచిలో ఉంటాయి.

రోడ్డుగాడు
అది నచ్చింది. బాక్సర్‌బండి తమ్ముడూ, బండి ఎలా ఉండాలి అని బెంగ పెట్టుకుంటున్నావు కానీ, 1982లో ఎల్స్‌పెత్ బియర్డ్ లండన్ నుంచి బయల్దేరి ప్రపంచం చుట్టి 1984లో వెనక్కి వచ్చినప్పుడు ఆవిడ కింద ఉన్నది సెకండ్ హ్యాండ్ 1974 ఆర్60/6. నీ బండికి తోబుట్టువు, నీదానికంటే బలం తక్కువది. మెరుపు కాదు ఆవిడని తీసుకెళ్లింది. ఆ ఇంజన్ గురించి ఆవిడకి తెలియనిది లేదు, దారిలో తనే విప్పి తనే బిగించుకుంది.

బాక్సర్‌బండి
అప్‌డేట్. బండి స్టార్ట్ అయింది! మాస్టర్ సిలిండరు నిజంగానే కారుతోంది, మార్చాను. కంప్రెషన్ రెండు వైపులా దాదాపు సమానం. చిన్న చిన్న రౌండ్లు కొట్టాను, అంతా బాగుంది. నిన్న మొదటిసారి రెండు పెట్టెలు, వెనక క్యారియర్ మీద టెంటు, పనిముట్ల సంచి కట్టి హైవే ఎక్కాను. వంద దాటగానే బండి మెల్లగా పాములా ఊగడం మొదలెట్టింది. వేగం తగ్గిస్తే ఆగిపోతోంది. ఫ్రేము వంగిందా? భయంగా ఉంది.

రోడ్డుగాడు
భయపడకు. పనిముట్ల సంచి ఎక్కడ కట్టావు? టైర్లు ఏ కాలానివి?

బాక్సర్‌బండి
సంచి టెంటు మీద, చివర్న. టైర్లు బండితో వచ్చినవే, గాడులు బాగానే ఉన్నాయన్నా.

రోడ్డుగాడు
రెండూ దొరికాయి. టైరు పక్కగోడ మీద నాలుగంకెల కోడు చూడు. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. మూడంకెలే ఉంటే అది 2000కి ముందుది, ఇక ఆలోచించకు. గాడులు ఎంత లోతున్నా రబ్బరు రాయిలా గట్టిపడి ఉంటుంది. వానలో బ్రేకు కొట్టిన రోజు తెలుస్తుంది. కొత్త టైర్లతో పాటే కొత్త ట్యూబులు, కొత్త రిమ్ టేపు. ముందు 3.25-19, వెనక 4.00-18, సైజు మార్చే ప్రయోగాలు వద్దు.

ఇక బరువు. వెనక ఇరుసు దాటి, ఎత్తులో, అంత ఇనుము వేలాడదీస్తే ముందు చక్రం తేలికైపోతుంది. అక్కడే ఊగుడు మొదలవుతుంది. పనిముట్లు ట్యాంకు సంచిలోకో, పెట్టెల అడుగుకో, ముందు వైపుకు జరుపు. వెనక పైన ఉండాల్సింది నిద్రసంచి లాంటి దూది బరువులే. వెనక షాకుల ప్రీలోడ్ (స్ప్రింగు బిగింపు) పెంచు, టైరు గాలి లోడుకి తగ్గట్టు పెంచు.

అయినా ఊగితే సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టి, ముందు చక్రం గాల్లో ఉండగా హ్యాండిల్‌ని మెల్లగా ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పు. సరిగ్గా మధ్యలో చిన్న గుంటలో పడ్డట్టు ఆగితే స్టీరింగు బేరింగులు పోయినట్టే. తర్వాత వెనక చక్రాన్ని పైనా కిందా పట్టుకుని అటూ ఇటూ ఊపు. స్వింగ్ ఆర్మ్ వదులుంటే చేతికి "టిక్" మని తెలుస్తుంది.

నీళ్లింజన్
పెద్ద ఫెయిరింగు తర్వాత బిగించుకున్న బండ్లకి కూడా ఇదే లెక్క. ఫెయిరింగు గాలిని ఆపుతుంది, కానీ ముందు బరువూ గాలి తోపుడూ రెండూ మారతాయి. 1976లో బీఎండబ్ల్యూ వాళ్లు ఆర్100ఆర్ఎస్‌కి ఫెయిరింగుని గాలి సొరంగంలో పరీక్షించి మరీ బండితో పాటే డిజైన్ చేసింది ఊరికే కాదు.

బాక్సర్‌బండి
టైర్ల మీద మూడంకెలే ఉన్నాయి. మార్చేశాను, సామానూ ముందుకు జరిపాను. నిన్న నూట పది దాకా నిటారుగా పోయింది. రోడ్డుగాడు అన్నా, రుణపడి ఉన్నాను. వచ్చే నెల పెద్ద ప్రయాణం. సంచిలో ఏం పెట్టుకోను? హెడ్‌లైటు కూడా బలహీనంగా ఉంది, 60/55 వాట్ల హెచ్4 బల్బు వేయొచ్చా?

కరెంటుపని
వేయొచ్చు. మీ ఆల్టర్నేటరు 280 వాట్లది, ఆ బల్బుకి సరిపోతుంది. కానీ ఆ వాట్లు వచ్చేది ఇంజన్ పరుగెత్తుతున్నప్పుడు. ఐడిల్ మీద దాదాపు ఏమీ రాదు, ట్రాఫిక్‌లో నిలబడ్డంతసేపూ బ్యాటరీ నుంచే తాగుతుంది. వేడి గ్లవ్సులు, ఫోను చార్జరు, అదనపు లైట్లు అన్నీ కలిపి పెట్టుకోకండి. బల్బుకి రిలే పెట్టి బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగండి, పాత స్విచ్చు గుండా అంత కరెంటు పంపొద్దు.

లేత్‌మాస్టారు
క్లచ్ కేబులు, యాక్సిలరేటర్ కేబుళ్లు కొత్తవి ఇప్పుడే వేసి పాతవి సంచిలో పెట్టుకోండి. ట్యూబు, ప్లగ్గులు, ఫ్యూజులు, బల్బులు, బింగ్ కార్బ్యురేటర్ల డయాఫ్రమ్ ఒకటి. ఆ రబ్బరు పొరకి సూదిమొన అంత చిల్లు పడ్డా ఆ పక్క సిలిండరు సరిగ్గా లాగదు, మనిషి మిగతావన్నీ విప్పి చూస్తాడు. హెడ్ బోల్టుల టార్కు, ట్యాపెట్ల (వాల్వుల) గ్యాపు బయల్దేరే ముందు చల్లటి ఇంజన్ మీద ఒకసారి చూడండి. గేరుబాక్సు, షాఫ్టు, వెనక డ్రైవు, మూడింటికీ విడివిడిగా ఆయిల్ ఉంటుంది. షాఫ్టుది అందరూ మర్చిపోతారు.

కరెంటుపని
రోటరు (ఆల్టర్నేటరులో తిరిగే భాగం) కూడా. ఈ బండ్లలో ఛార్జింగు పోయిందంటే ఎక్కువగా రోటరు లోపలి తీగ తెగి ఉంటుంది. స్పేరు రోటరుతో పాటు దాన్ని ఊడదీసే బోల్టు కూడా పెట్టుకోండి. అది గట్టిపరిచిన స్టీలుది, ప్రత్యేకంగా అమ్ముతారు. మామూలు బోల్టు పెట్టి తిప్పితే లోపలే నలిగి ఇరుక్కుంటుంది, ఇక రోటరూ రాదు, బోల్టూ రాదు.

గుజ్జిపిచ్చి
ఆ బోల్టు లేకుండా రోటరు మాత్రం మోసుకెళ్లేవాళ్లని చాలామందిని చూశాను. టేపు పెట్టి రోటరుకే చుట్టేసి ఉంచండి, రెండూ విడిపోవు.

బాక్సర్‌బండి
రెండూ ఆర్డరు పెట్టాను. షాఫ్టు ఆయిల్ మూత ఎక్కడుంటుంది? గేరుబాక్సు వెనక రబ్బరు బూటు దాటాక చిన్న బోల్టు కనిపిస్తోంది, అదేనా?

లేత్‌మాస్టారు
అదే. పైది నింపడానికి, కిందది దించడానికి. ముందు పైది విప్పండి, అది రాకపోతే కిందది ముట్టుకోవద్దు. దించేశాక నింపే దారి లేక బండి అక్కడే ఆగిపోతుంది.